గడ్డిలో నిలబడిన ముసలివాళ్ళు

పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీయడం నా పని. నేను గీసిన ముసలివాళ్ళందరూ మా నాన్నే. నోవహు, అబ్రాహాము, వాచకంలో పొలం దున్నే రైతు, బస్సు కోసం ఎదురుచూసే తాత, అందరికీ ఆయన భుజాలే, ఆయన చెవులే. ఊహించి గీయడం నాకు చేతకాదు. దేవుడు చేసిపెట్టిన మనిషి ఎదురుగా ఉండగా ఇంకొకరిని నేను కల్పించడం ఎందుకనిపించేది. ఉన్నదాన్ని సరిగా చూడటమే నాకు ప్రార్థన.

బడికి వెళ్ళలేదు నేను. చిన్నప్పుడు ఉబ్బసం. పరాయి రాష్ట్రంలో, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని మా క్వార్టరులో, నాన్న డ్యూటీ దిగివచ్చి స్నానం చేసి, సిమెంటు నేల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించేవాడు. 'అ' పక్కన అమ్మ బొమ్మ గీయమనేవాడు. పోలిక రాకపోతే తుడిపించేవాడు. అంతకంటే మంచి బడి దేవుడు నాకు ఎక్కడిచ్చేవాడని ఇప్పటికీ అనుకుంటాను.

కానీ నాన్న కాళ్ళు మాత్రం ఎప్పుడూ గీయలేదు. నాకు పదేళ్ళప్పుడు క్వార్టరు మారుతుంటే, శ్రీకాకుళం నుంచి నాయనమ్మ తెచ్చుకున్న రుబ్బురోలు ఇంకొకరి చేతికివ్వనని తానే ఎత్తాడు. మెట్టు దగ్గర జారి ఎడమ పాదం మీద పడింది. రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. మంచం మీద కళ్ళు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట, "రోలు ఇరిగిపోనాదేటి?"

"నీ రోలు బాగానే ఉన్నాది. ఏళ్ళే పోనాయి," అంది అమ్మ. ఆ సంగతి అందరికీ నవ్వుతూ చెప్పేది, చెప్పడం అయ్యేసరికి ఏడ్చేది.

అప్పటినుంచి నాన్న ఎండాకాలంలో కూడా సాక్సులు తీయలేదు. నా బొమ్మకు కూర్చున్నప్పుడూ అంతే. తీయమని నేనూ అడగలేదు. అందుకే నా ముసలివాళ్ళంతా మోకాలెత్తు గడ్డిలో నిలబడేవారు. లేదంటే కాళ్ళకు అడ్డంగా ఒక కుండో, మేకపిల్లో.

మూడేళ్ళ కిందట సండే స్కూలు పిల్లల కథల పుస్తకం పని వచ్చింది. అందులో ప్రభువు తన శిష్యుడు పేతురు పాదాలు కడిగే బొమ్మ ఉంది. అక్కడ గడ్డి మొలిపించే వీలు లేదు. అద్దం పెట్టుకుని నా కాళ్ళే చూసి గీస్తున్నాను. అమ్మ అప్పటికే పోయింది. ఎనభై దాటిన నాన్న కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"పేతురికి ఆడమనిషి కాళ్ళెట్టినావేటే?"

"మరెవులివి ఎట్టమంతావు నాన్నా?"

 నాన్న ఆయాసపడుతూ వంగి ఎడమ కాలి సాక్సు లాగేశాడు. నేను నీళ్ళు పోసి ఉంచుకున్న పళ్ళెంలో పాదం పెట్టాడు.

"గీయే అమ్మీ. ఆయన కడిగినప్పుడు ఏళ్ళు లెక్కెట్టినాడేటి?"

మూడు రోజులు పొద్దుటిపూట గీశాను. నీళ్ళు చల్లబడితే మార్చాను. పగుళ్ళు తేలిన మడమ, వేళ్ళు పోయినచోట నున్నగా మెరిసే చర్మం. అంత భక్తిగా నేను దేన్నీ గీయలేదు. ప్రేమ్ బజార్‌లో నా బొమ్మలు స్కాన్ చేసే దుకాణపు దాదా కూడా కనిపెట్టాడు. "దీదీ, ఈసారి ఘాస్ లేదా?" అని, గడ్డి లేని బొమ్మ చూసి నవ్వాడు.

వారం తర్వాత ఎడిటరు ఫోను చేసింది. "చాలా బాగుందండీ. పేతురు ఎడమ కాలికి మూడే వేళ్ళు పడ్డాయి, చూసుకోలేదేమో. సరిచేసి పంపుతారా?"

అవి మా నాన్న కాళ్ళండి, అనాలి. నోటిదాకా వచ్చింది. అడిగింది అడిగినట్టు ఇచ్చి బతికినదాన్ని. "అయ్యో, అలాగేనండి," అన్నాను. నాన్న కునుకు తీస్తుండగా, ఆ బొమ్మ మీదే తెల్లరంగు పూసి, నా పాదం చూసి రెండు వేళ్ళు అతికించాను. అరగంట పట్టలేదు.

పుస్తకం అచ్చయి వచ్చింది. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పేజీ దగ్గర ఆగాడు. పేతురు వేళ్ళు ఒక్కొక్కటీ తాకి చూశాడు.

"ఇయ్యి నీ ఏళ్ళు గదే," అన్నాడు.

"ఆళ్ళు మార్సమన్నారు నాన్నా."

"అంతారు మరి. బొమ్మ బాగున్నాది."

కోపం లేదు. పుస్తకం మూసి నాకిచ్చి, సాక్సు పైకి లాక్కున్నాడు. లాక్కోవడానికేమీ లేదు, అది పైనే ఉంది.

తర్వాత ఎన్నోసార్లు నా ఎదుట కూర్చున్నాడు. సాక్సు తీయలేదు. అడిగే ముఖం నాకూ లేదు.

మొన్నటి వానల్లో పోయాడు. సంఘపు పెద్దలు స్నానం చేయించబోతుంటే, కాళ్ళు నేను కడుగుతానన్నాను. అదే పళ్ళెం. ఎందుకో నీళ్ళు వేడిచేసి తెచ్చాను. మూడు వేళ్ళనూ, లేని రెండింటి చోటునూ కడిగి తుడిచాను. క్షమించమని అడిగింది దేవుణ్ణో నాన్ననో తెలియదు. ఆ పాదం మళ్ళీ చూడనిచ్చినందుకు మాత్రం స్తోత్రం చెప్పుకున్నాను.

ఈ వారం ఆ ఎడిటరుకే ఒక కథల పుస్తకం చేస్తున్నాను. నూతిగట్టున కూర్చున్న తాత. నా ఎదుట కుర్చీ ఖాళీ. ముఖం ఎంతకీ రావడం లేదు గానీ ఆ పాదం మాత్రం వచ్చింది, తడుముకోకుండా. గడ్డి వేయలేదు. ఆవిడ ఫోను చేస్తుంది, వేళ్ళు తక్కువయ్యాయంటుంది. సరిచేయనంటే పని ఇంకొకరికి ఇస్తుందేమో కూడా. అవి మా నాన్న కాళ్ళండి, అని చెప్పాలి. చిన్న మాటే. పొద్దుటినుంచి ఆ కుర్చీ ఎదుట కూర్చుని పైకే అని చూసుకుంటున్నాను. ఇంకా 'మా నాన్న' దగ్గరే ఆగిపోతున్నాను.