బండ్రిలో ఆరని చుక్క

గురుగ్రహం తిరిగే దారిలోనే, దానికి చాలా ముందు కొన్ని, చాలా వెనక కొన్ని రాళ్ళ గుంపులు తిరుగుతుంటాయి. అంత పెద్ద గ్రహం దారిలోనే ఉంటూ దాని నోట పడవు. బళ్ళారి బజారులో బట్టల కొట్టున్న ఉమ్మడి కుటుంబానికి ఇరవై ఏళ్ళుగా కోడలిని, ఆ రాళ్ళంటే నాకు ఇష్టం ఉండదా? వాటిలో ఒకటి శనివారం రాత్రి ఏడున్నరకు ఒక నక్షత్రానికి అడ్డం వస్తుందని మా పరిశీలకుల బృందం లెక్కగట్టింది. ఎవరికి ఎక్కడ ఎంతసేపు నక్షత్రం మాయమైందో కలిపి చూస్తే రాయి ఎంతుందో తెలుస్తుంది. అందరూ ఆ రాయి నీడ నేల మీద పడే దారి నడిమధ్యకే పోతామన్నారు. నీడ అంచు అవతల పడే బండ్రి ఊళ్ళోనూ ఒకరుండాలని నేనంటే, "అక్కడేమీ కనపడదు, దండగ" అన్నారు. అక్కడ మాయం కాకపోతేనే కదా రాయి వెడల్పు ఎక్కడ ఆగిందో తెలిసేది! ఒళ్ళు మండి, నేనే పోతానన్నాను.

ఇంట్లో అత్తగారు అడ్డం పడ్డారు. "దీపాలు పెట్టే పొద్దుకు ఇంటి కోడలు యాడికో పోతాదా?"

"ఈ ఒక్కరోజు నువ్వు పెట్టత్తా" అని టెలిస్కోపు కారెక్కించాను.

శనివారం మధ్యాహ్నం రెండున్నరకు బయల్దేరాం. సండూరు మీదుగా బస్సుల్లోనూ పోవచ్చు గానీ, సామాను ఉంటే కారే మేలు. రానూపోనూ మూడు వేలకు కుదిరింది. దారిలో చాలాదూరం ఇనప ఖనిజం లారీల దుమ్ము వెనకే ప్రయాణం. డ్రైవరు డేవిడ్ అద్దాలెక్కించి, "కనపడనిదాని కోసం ఇంత దూరం పోతాండామా అక్కా?" అన్నాడు.

"ఆదివారం చర్చిలో నువ్వు చేసే పనీ అదే కదప్పా" అన్నాను. పగలబడి నవ్వి, సండూరులో టీ తనే ఇప్పించాడు.

బండ్రి చివర గంగమ్మ అనే ఆమె ఇంటి ముందు ఖాళీ స్థలంలో టెలిస్కోపు నిలబెట్టాం. ఏడు దాటింది. వాకిట్లో బల్బు నేరుగా కళ్ళలోకి కొడుతోంది. తొందరలో నోరు జారాను. "ఆ దీపం కాస్త ఆర్పమ్మా." వ్యాపారం ఇంటి కోడలిని, గడప ముందు ఆ మాట అనవచ్చా?

"ఏందమ్మా, లక్ష్మి వచ్చే పొద్దు! నీ చుక్క ఆరుతాదో లేదో చూసేకొచ్చి నా దీపం ఆర్పమంటాండావే!"

ఆ వెలుతురులో చుక్క దొరకడం కల్ల. ఇంత పంతం పట్టి వచ్చి ఉత్త చేతులతో పోవాలా అని ఏడుపొచ్చింది. తప్పయిందన్నాను, వచ్చిన పని మళ్ళీ వివరంగా చెప్పాను. గంగమ్మ లోపలికి వెళ్ళి, దేవుడి గూట్లో నూనె దీపం వత్తి ఎగదోసి, తలుపు దగ్గరగా వేసి, తనే బల్బు స్విచ్చి నొక్కింది. "లక్ష్మికి అది సాలు. కరెంటు దినామూ పోతానే ఉంటాది."

ఫోనులో నా గొంతు రికార్డింగు పెట్టి, టెలిస్కోపుకు కన్ను ఆనించి, "ఉంది, ఉంది" అంటూ పోయాను. పక్కనుంచి గంగమ్మ "ఉండాదా?" అని అడుగుతూనే ఉంది. వేళ దాటిపోయింది. చుక్క చెక్కుచెదరలేదు.

నడిమధ్య ఉన్నవాళ్ళకు మాయమైందట. రాయి నీడ ఇటువైపు బండ్రి దాకా రాలేదని చెప్పగలిగింది మాత్రం నా రికార్డింగు ఒక్కటే. బృందంవాళ్ళు గంగమ్మ గొంతు తీసేసి పంపమన్నారు. తీయలేదు. అంచున నిలబడ్డవాళ్ళను దండగ అనేవాళ్ళకు ఆ గొంతూ వినపడాలి. మీరూ ఇలా పోతే, పొద్దుండగానే ఆ ఇంటివాళ్ళతో బల్బు సంగతి మాట్లాడుకోండి.

మర్నాడు కొట్లో అత్తగారు ఊరుకోలేక అడిగారు. "ఏమి చూసొస్తివి?"

"చుక్క ఆరలేదత్తా. అట్లే ఉండాది."

"దానికేనా అంత దూరం పోయింది?"

"దానికే. మళ్ళీ పోతా."