దొంగతనం లేని వాడ

ఠాణా రిజిస్టరులో మా వాడ ముచ్చటే లేదు. తెలంగాణ వచ్చినంక ఇన్నేండ్లలో ఇక్కడి నుంచి ఒక్క ఫిర్యాదూ పోలేదు. నేను కూడా రాయకపోతే ఇక్కడ ఏమీ జరగలేదన్న మాటే మిగులుతుంది. అది నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అందుకే రాస్తున్నాను.

మాది చౌటుప్పల్ దగ్గర నేతపని వాళ్ల వాడ. నేను మగ్గం వదిలి మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతున్న కాలమది. బడి చదువు పదోతరగతితో ఆగింది. మిగిలిన చదువంతా లైబ్రరీదే. అక్కడ నేరశాస్త్రం పుస్తకం ఒకటి దొరికింది. ఠాణాకెక్కే నేరాలు జరిగిన వాటిలో కొన్నేననీ, మిగతావి తెలియాలంటే నష్టపోయినవాళ్లనే ఇంటింటికీ పోయి అడగాలనీ అందులో ఉంది. రెండుసార్లు చదివి, ఒక నోటుబుక్కు కొని బయలుదేరాను.

"ఈ ఏడాది మీ ఇంట్ల దొంగతనం అయిందా?"

ఇరవై మూడు ఇండ్లు. అందరిదీ ఒకటే జవాబు, లేదని. "ఏందిరా, నిన్ను పోలీసుల గిట్ల తీసుకున్నరా?" అని ఎదురింటి పెద్దవ్వ నవ్వింది.

చిన్నమ్మ కూడా లేదనడమే నాకు మింగుడుపడలేదు. ఆమె మా పక్కిల్లు. భర్త పోయినంక ఒక్కతే నేస్తున్నది. రెండు నెలల కింద ఆమె బంగారు కమ్మలు పోయిన సంగతి వాడంతటికీ తెలుసు.

మా దగ్గర ఏదైనా పోతే ఠాణాకు పోరు, మట్టిముద్దలు పెట్టిస్తారు. ఇంటికొకరు తడిమట్టి ముద్ద తెచ్చి, ఒంటరిగా గదిలోకి పోయి గంపలో వేసి రావాలి. తీసినవాళ్లు సొమ్మును ముద్దలో దాచి వేయొచ్చు. తర్వాత ముద్దలు పగలగొడతారు. దొరికితే అది దొంగతనమే కాదు. దొరక్కపోతే, ముద్దలు అడిగినామె వాడనంతా దొంగలను చేసినట్టు.

చిన్నమ్మ కమ్మలు దొరకలేదు. ఆనాటి నుంచి ఆమె పడుగు పట్టడానికి ఎవరూ రాలేదు. పడుగు నూలును వాడ పొడుగునా చాపి గంజి పట్టించాలంటే నలుగురైనా కావాలి. అది కాకపోతే మగ్గం ఆగినట్టే.

"లేదనే రాసుకో కొడుకా," అన్నది. "కమ్మలు పాయె, మనుషులు గూడ పాయె. ఈ పడుగు గిట్లనే మూలకుంటె మగ్గం అమ్మి మక్తల్ల మా అన్న తానికి పోత."

మళ్లీ పుస్తకం తీశాను. నేరం పేరు పెట్టి అడగొద్దనీ, ఏం జరిగిందో మామూలు మాటల్లో అడగాలనీ అందులోనే ఉంది. రెండుసార్లూ నేను ఆ పేజీ గబగబా దాటేశాను. తప్పు నాదే. మళ్లీ ఇంటింటి గడప ఎక్కాను.

"ఏమన్న పోయి మల్ల దొరకనిది ఉన్నదా? పేరు ఎవరికీ చెప్ప."

చిన్నమ్మది కాక ఇంకో ఐదిండ్లు చెప్పాయి. పట్టు కండెలు, ఇత్తడి బిందె, ముక్కుపుడక... ఎవరికి వారు తమదొక్కటే పోయిందనుకున్నారు. ముద్దలు అడిగితే చిన్నమ్మ గతే పడుతుందని నోరు కట్టుకున్నారు. అందులో పెద్దవ్వ ఒకతె. ఆమె పట్టగొలుసులు పోయాయి. చిన్నమ్మను అందరికంటే ఎక్కువ తిట్టింది ఆమెనే.

మాట ఇచ్చాను, చెప్పలేను. చెప్పకుంటే చిన్నమ్మ వాడ విడిచి పోతుంది. ఆ వారం ఫ్యాక్టరీలో రెండుసార్లు ఒక డ్రమ్ము చీటీ ఇంకో డ్రమ్ముకు అంటించాను.

చివరికి, పేర్లు చెప్పకుండా ఐదిండ్ల సంగతి చెప్పి, ఏం చెయ్యాలో చిన్నమ్మనే అడిగాను. "పేర్లు వద్దు. ఐదిండ్లని చెప్పు, చాలు," అన్నది.

తెల్లారి ఇద్దరమే పడుగు విప్పినం. నేను ఒక కొస పట్టుకుని గట్టిగా అన్నాను: "పోయింది ఒక్క చిన్నమ్మవే కాదు. ఇంకో ఐదిండ్ల పోయినయి."

పెద్దవ్వ అరుగు దిగి వచ్చింది.

"ఆ కొస ఇటియ్యి. గట్ల గుంజితె పోగులు తెగుతయి. బుక్కులు సదివి చేతిపని మర్సినవా?" అని, అందరూ వినేటట్టు, "ఆ ఐదిండ్ల నాదొకటి," అన్నది.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎండ ముదరకముందే గంజి పట్టించడం అయిపోయింది. కమ్మలు మాత్రం ఈనాటికీ దొరకలేదు. తీసిన చెయ్యి కూడా ఆ పొద్దు పడుగు పట్టిందేమోనని నాకిప్పటికీ అనుమానం.

పేర్లు రాయనన్న మాట ఇక్కడా తప్పను. గడువు దాటినా పుస్తకం నా దగ్గరే ఉండనిచ్చిన లైబ్రరీ సారుకు, రెండోసారి కూడా తలుపు తీసిన ఇండ్లకు, తన సంగతి రాయమన్న పెద్దవ్వకు, మక్తల్ పోకుండా ఇంకా నేస్తున్న చిన్నమ్మకు నా దండాలు.