మామ తీయని ఫొటోలు

పోయిన మంగళవారం రెండో పీరియడు ముగించి స్టాఫు రూములోకి వస్తుంటే ఫోను మోగింది. కే.జీ.ఎఫ్. నుంచి మామ కొడుకు. "నాయన పొద్దున్నే పోయినాడక్కా. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే" అన్నాడు. నేను కోలారులో బస్సెక్కి వెళ్లేసరికి వాళ్లింటి ముందు జనం చేరి ఉన్నారు. చాలామంది నా చేయి పట్టుకుని, "నువ్వంటే ప్రాణం కదమ్మా ఆయనకి" అన్నారు. విన్న ప్రతిసారీ తలదించుకున్నాను. ఎందుకో వాళ్లకు తెలియదు. మీకు చెబుతాను.

ఆయన నా సొంత మామ కాదు. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి బంగారు గనిలో పనికి వచ్చాడు. గనివాళ్లు కట్టిన వరుస ఇళ్లను మేం లైను అంటాం. ఆ లైనులో మా ఇంటికీ మామ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆయన గని సర్వే ఆఫీసులో పనిచేశారు. భూమి కింద సొరంగం ఎటు పోతోందో, ఎంతదూరం పోయిందో కొలిచి పటం గీసే పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకునేవారు కాదు. చొక్కా గుండీలు కూడా కింద నుంచి పైకి పెట్టుకునేవారు. అలాగైతే తప్పు పోదట.

ఆయన దగ్గర ఒక పాత రేంజిఫైండర్ కెమెరా ఉండేది. పై ఆఫీసరొకాయన ఊరు విడిచి పోతూ ఇచ్చిందట. అందులో లెన్సులోంచి చూడడం ఉండదు. పక్కనున్న చిన్న కిటికీలోంచి చూడాలి. చట్రం మధ్యలో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ ఆ రెండు బొమ్మల్నీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. కాలేజీ చదువుకు చేరిన కొత్తలో నాకు ఆ పిచ్చి అంటించింది ఆయనే. నా మొదటి రీలు మొత్తం ఖాళీగా వచ్చింది. ఏడుపుముఖంతో నిలబడితే ఆయన కడుపు పట్టుకుని నవ్వారు.

"మూత తీయలేదమ్మా నువ్వు! లెన్సుకి మూత ఉండంగానే లోకమంతా కనిపిస్తాది ఈ కెమెరాలో. అదే దీంతో వచ్చిన తంటా."

కెమెరాకు రెండు లెన్సులు. మా లైను సందులు ఇరుకు. ఇంటిల్లిపాదినీ గుమ్మం ముందు నిలబెడితే మామూలు లెన్సులో పట్టరు. వెడల్పు లెన్సు పెట్టాలి. అది పెడితే కెమెరాలోని కిటికీ చాలదు. అందుకోసం బొటనవేలంత వేరే ఫైండరు ఉండేది, కెమెరా నెత్తిన గాడిలోకి జారేది. కన్ను పెడితే తెల్లటి గీతల చట్రం, దాని చుట్టూ ఇంకాస్త లోకం. "గీతకి బయట ఉండేది కూడా చూస్తా ఉండాల. లోపలికి ఎవురు వస్తా ఉండారో ఆడనే తెలిసేది" అనేవారు. గనులు మూతపడినప్పుడు ఆయన ఆ లెన్సుతోనే లైనులో ఒక్కో కుటుంబాన్నీ వాళ్ల గుమ్మంలో ఫొటో తీసి ఇచ్చారు. మా నాన్న గని టోపీతో ఉన్న ఒకే ఒక్క ఫొటో అది.

ఆరేళ్ల కిందట మా కాలేజీ స్టాఫంతా కలిసి కోలారు జిల్లాలోనే ఉన్న ఆవని కొండకు వెళ్లాం. నేను మామను అడిగి కెమెరా, రెండు లెన్సులు, ఫైండరు అన్నీ తీసుకున్నాను. "కొండెక్కేటప్పుడు ఫైండరు తీసి జోబులో పెట్టుకో. ఆ గాడి వదులైపోయింది" అని ఆయన రెండుసార్లు చెప్పారు. నేను తీయలేదు. నెత్తిన ఫైండరుతో ఆ కెమెరా చాలా అందంగా ఉంటుంది. తోటివాళ్లు "ఇదేమిటి, ఎక్కడిది?" అని అడుగుతుంటే నాకు గొప్పగా ఉంది. సీతమ్మ గుడికి ఎక్కే దారిలో ఒక బండ మీదికి వంగాను. టక్ మని చిన్న చప్పుడు. ఫైండరు రెండు బండల అవతల పడి ఉంది. ముందు అద్దం పగిలింది, కింది పట్టీ వంగింది.

దాన్ని దాని తోలు సంచిలో పెట్టి, గుండీ వేసి, బ్యాగు అడుగున పెట్టాను. మర్నాడు తిరిగి ఇచ్చినప్పుడు మామ అడిగారు, "అంతా బాగుండాదా?"

"బాగుంది మామా."

ఆయన తెరిచి చూడలేదు. నా మాట మీద నమ్మకం. బ్యాగు అలమరలో పై అరలో పెట్టబోతుంటే చేయి కాస్త జారి అది అర అంచుకు తగిలింది. "అయ్యో" అన్నారు. నేను అక్కడే ఉన్నాను.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం వెళితే మామ మంచం మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఫైండరు. అత్త గడపలో నిలబడి నాకు సైగ చేసింది, ఏమీ అడగొద్దని.

"ఆ పొద్దు బ్యాగు జారింది చూడు, అప్పుడు పగిలినట్టుండాది. నా చెయ్యి పోయిందమ్మా" అన్నారు మామ.

"చిన్న దెబ్బే కదా మామా" అన్నాను. నా నోట వచ్చింది అంతే.

"చిన్నదీ పెద్దదీ లేదు. పరికరాన్ని జారవిడిచినోడు ఇంగ పరికరం ముట్టకూడదు. సర్వే ఆఫీసులో మేము కుర్రోళ్లకి చెప్పిండేది అదే."

మామూలు లెన్సుతో తీయొచ్చు కదా అని అత్త అంది. ఆయన వినలేదు. కెమెరాను గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశారు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. ఆ ఆదివారం ఆయన నవ్వుతూ ఉన్నారు, ఎందుకు పాడు చేయడం అనుకున్నాను. దాచిన కొద్దీ అది పెద్దదైంది. ఆయన మాత్రం మారిపోతూ వచ్చారు. గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారు. గడ్డం గీయించుకోవడానికి మంగలి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. చేతికి ఏ వణుకూ లేని రోజుల్లోనే.

మూడేళ్ల కిందట అత్త పోయింది. దినం నాడు దండ వేసిన ఫొటో చూశాను. ఆధార్ కార్డు మీది ముఖాన్నే పెద్దది చేయించారు. అలికినట్టున్న కళ్లు, బెదిరినట్టున్న చూపు. లైనులో ప్రతి ఇంటికీ ఫొటో తీసిచ్చిన మనిషి ఇంట్లో అత్త చివరి ఫొటో అది. ఎవరో అడిగితే మామ, "నేను తీయడం ఎప్పుడో నిలిపేసినాను కదప్పా" అన్నారు. వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. ఆ రోజు కూడా చెప్పలేదు.

ఈ వేసవిలో బెంగుళూరులో పాత కెమెరాలు బాగుచేసే ఒకాయన దగ్గర అలాంటి ఫైండరే దొరికింది. తెచ్చి మామ చేతిలో పెట్టాను. ఆయన కన్ను పెట్టి వీధి చూశారు. మూరెడు దూరంలో ఉన్న నా వైపు తిప్పారు.

"ఇది ఎంతకాలంగా వెతకతా ఉండావమ్మా?"

"ఆరేళ్లుగా."

"సుమ్నే, ఊరికినే, ఎవురూ ఆరేండ్లు వెతకరు" అన్నారు. ఫైండరు కిందికి దించారు.

చెప్పేశాను. ఆవని, బండ, తోలు సంచి, అన్నీ. ఆయన తన కుడిచేతిని తిప్పి చూసుకున్నారు. తర్వాత అడిగారు.

"అయితే నా చెయ్యి జారింది కాదా?"

"కాదు మామా. నేనే."

"అంటే నా చెయ్యి బాగానే ఉండెనా?"

నేను తలూపాను. ఆయన కోపపడి ఉంటే తట్టుకునేదాన్ని. "మీ అత్తను ఒక్క పటం తీసి ఉండొచ్చు నేను" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. ఆ తర్వాత, "ఈ పొద్దు ఇంటికి పోమ్మా. వచ్చే వారం రా" అన్నారు.

వెళ్లాను. క్షమించానని ఆయన అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. ఫిలిం తెచ్చావా అని మాత్రం అడిగారు. తెచ్చాను. అప్పటికి ఆయన చేతులు నిజంగానే వణుకుతున్నాయి. ఫిలిం కొన గాడిలో దూర్చడానికి నాలుగుసార్లు ప్రయత్నించారు. నేను చేయి చాపితే, "ఉండు, నేనే చేస్తాను" అన్నారు. అయిదోసారి దూరింది.

ఈ నాలుగు నెలల్లో ఒక్క రీలే వాడారు, అదీ పూర్తికాలేదు. అంతకు ముందు ఆరేళ్ల ఖాళీ నా వల్ల వచ్చిందే. ఎవరు ఎంత మంచిగా మాట్లాడినా అది అలాగే ఉంటుంది.

నేను ఆయన్ని చివరిసారి చూసింది చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు. సాయంత్రం బస్సుకు బయలుదేరాను. మామ సందులో కరెంటు స్తంభానికి భుజం ఆనించి, కెమెరా కదలకుండా దాన్ని స్తంభానికే నొక్కిపెట్టి నిలబడ్డారు. ఎదురింటి ముసలమ్మ గుమ్మంలో మనవరాలికి జడ వేస్తోంది. ఆయన వేలు బటను మీద ఉంది. నొక్కలేదు. సందు చివర మలుపు తిరుగుతూ వెనక్కి చూశాను. అప్పటికి జడ సగం అయింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు.