మామ మెడలో గడ్డిదండ

మొన్న మా నారాయణఖేడ్‌లో ఒక పెండ్లికి వెళ్ళాను. ఊరి బయట కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు ముందర పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచి ఉంది. పిల్లలు దానిమీద దొర్లుతున్నారు, ఆడవాళ్ళు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నేను చెప్పులు విడిచి ఆ గడ్డిమీద కాలు పెట్టాను. ఎండకు కాగిన ప్లాస్టిక్ అరికాలికి చుర్రుమని తగలగానే గబుక్కున వెనక్కి తీసుకున్నాను. చూసినవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఆ పూట భోజనం చేయకుండానే ఇంటికి వచ్చేశాను. గడ్డిమీద చెప్పులు విడవడం నాకు మా మేనమామ నేర్పిన అలవాటు. ఆయన గుర్తొస్తే ఆయనకు నేను చేసింది గుర్తొస్తుంది. మనలో చాలామంది ఇలాంటిదేదో ఒకటి కడుపులో పెట్టుకునే ముసలివాళ్ళమయ్యాం కాబట్టి, మీరు నా ఈడువాళ్ళు కాబట్టి, ఇవాళ మీతో చెప్పుకుంటున్నాను.

మా మేనమామది కంగ్టి అవతల ఒక చిన్న పల్లె. వానలు మొహం చాటేసి కందిచేను మొలకలోనే ఎండిపోయిన ఒక ఏడు, అత్తను, పసిపిల్లను ఇంటి దగ్గర వదిలి, గడ్డపార భుజాన వేసుకొని పట్నం పోయాడు. అప్పుడే అక్కడ డబ్బున్న పెద్దవాళ్ళ కోసం గోల్ఫ్ క్లబ్బు కడుతున్నారు. రాళ్ళు తవ్విపోసే కూలీగా చేరినవాడు, గడ్డి నాటే కూలీ అయ్యాడు, ఆ తరువాత గడ్డి బాగోగులన్నీ చూసే పెద్దమాలీ అయ్యాడు. పది చదివి ఊళ్ళో ఊరికే తిరుగుతున్న నన్ను కూడా ఆయనే పిలిపించుకొని తన కింద పనిలో పెట్టించాడు. ఆయన గదిలోనే ఉండేవాణ్ని, ఆయన వండిందే తినేవాణ్ని.

ఆ ఆట చూడనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. మైదానంలో ఒక్కో బాట చివర జెండా పాతిన చిన్న గుంట, దాని చుట్టూ తివాచీలా నున్నగా కత్తిరించిన గుండ్రటి జాగా ఉంటాయి. దాన్ని గ్రీన్ అంటారు. బంతి అక్కడ అడ్డం లేకుండా దొర్లాలి, ఒక్క కలుపు మొక్క కనబడినా మెంబర్లు మొహం చిట్లిస్తారు. తెల్లవారగానే పొడుగాటి వెదురుబద్దతో గడ్డిమీది మంచు దులిపేవాళ్ళం. ఆడకూలీలు వరసగా కూర్చొని ఖుర్పీలతో కలుపు తీసేవాళ్ళు. మామ మాత్రం చెప్పులు విడిచి గ్రీన్ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాడు. నీళ్ళు తక్కువయ్యాయో ఎక్కువయ్యాయో అరికాలితో చెప్పేవాడు, ఒక్కనాడూ తప్పలేదు. ఇంత చేసినా ఆ ఆటలో ఎవరు గెలుస్తారో, ఎట్లా గెలుస్తారో ఆయనకు చివరిదాకా తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

ఆ క్లబ్బులో కాలాలు తిండిని బట్టి మారేవి. ఎండాకాలం వస్తే మామిడి రసంతో మధ్యాహ్నం భోజనాలు, వానలు మొదలైతే వరండాలో కాల్చిన మక్కకంకులు, మిర్చి బజ్జీలు, రంజాన్ నెలలో హలీం. చలికాలంలో మాత్రం పల్లె విందు అని ఒకటి పెట్టేవాళ్ళు, అదీ మధ్యాహ్నం పూటే. దానికి మా వైపు ఆడకూలీలనే పిలిచి, కొత్త చీరలు కట్టించి, మెంబర్ల ఎదుట పొయ్యిల దగ్గర కూర్చోబెట్టి జొన్నరొట్టెలు చేయించేవాళ్ళు. మా అమ్మ ఇంట్లో లేమికొద్దీ చేసే పుంటికూర, జొన్నరొట్టెలనే వాళ్ళు వేళ్ళు నాక్కుంటూ తినేవాళ్ళు. మెంబర్లు, వాళ్ళ పిల్లాజెల్లా అంతా వచ్చేవాళ్ళు. ఆటల పోటీలు, పాటలు అయ్యాక చివరన నవ్వులాటకు బహుమతులు ఇచ్చేవాళ్ళు. చెరువులో ఎక్కువ బంతులు పోగొట్టుకున్న మెంబరుకు బకెట్టు, ఆటకు రోజూ ఆలస్యంగా వచ్చేవాడికి గడియారం బొమ్మ, అట్లాంటివి.

ఆ ఏడాది పల్లె విందు దగ్గరపడిందనగా మామకు జ్వరం పట్టుకుంది. దవాఖానకు పోతూ, విందు జరిగే చోటుకు ఆనుకొని ఉన్న గ్రీన్‌కు యూరియా పెట్టమని నాకు చెప్పాడు. కొంచెమే తీసుకొని నీళ్ళలో కలపాలి, పొద్దు వాలాక చల్లాలి, వెంటనే తడి పెట్టాలి. ఒకటికి మూడుసార్లు చెప్పి పోయాడు. ఆయన వచ్చేసరికి గడ్డి నిగనిగలాడాలని, శభాష్ అనిపించుకోవాలని నాకు ఆత్రం. పొద్దెక్కిన ఎండలో, చెప్పినదానికి రెండింతలు, పొడిగానే గుప్పిళ్ళతో విసిరాను. నీళ్ళు పెడదామనుకుంటుండగా వంటింటి నుంచి మా ఊరాయన పిలిచాడు, విందు కోసం మసాలా వంకాయ చేసి రుచి చూడమన్నాడు. తిన్నాను, అక్కడే కబుర్లలో పడ్డాను. నీళ్ళ సంగతి మళ్ళీ నాకు గుర్తుకు రాలేదు.

రెండో రోజుకు గడ్డి పసుపు తిరిగింది, నాలుగో రోజుకు మాడిపోయింది. నా చెయ్యి ఎట్లా విసిరిందో అట్లాగే వంపులు వంపులుగా మాడింది. దవాఖాన నుంచి తిరిగొచ్చిన మామ ఆ వంపులు చూశాడు, నా మొహం చూశాడు. క్లబ్బు సెక్రటరీ వచ్చి ఎవరు చేశారని అడిగితే నాకంటే ముందు నోరు తెరిచాడు.

“నాతోనే తప్పయింది సార్. జ్వరంల సోయి లేకుండ చల్లిన.”

నేను పక్కనే నిలబడి ఉన్నాను. సెక్రటరీ తిడతాడనుకున్నాము. ఆయన తిట్టలేదు, మామ భుజం తట్టి, విందు నాడు మంచి బట్టలు కట్టుకొని రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు. మామ ఆ రాత్రంతా మురిసిపోయాడు. ఇన్నేళ్ళ చాకిరీ చూసి పెద్దమనిషి క్షమించాడని అనుకున్నాడు.

విందు నాడు మామ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. నేను రొట్టెల పళ్ళెం పట్టుకొని బల్లల మధ్య తిరుగుతున్నాను. నవ్వులాట బహుమతులన్నీ అయ్యాక సెక్రటరీ మైకులో మామ పేరు పిలిచాడు. మామ బెదురుబెదురుగా వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఒక నౌకరు పళ్ళెంలో దండ తెచ్చాడు. దూరానికి బంతిపూల దండలాగే ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే, మాడిపోయిన ఆ గడ్డినే వేళ్ళతో సహా పెళ్ళగించి, పురికొసతో కట్టి, మధ్య మధ్య ఒక్కో బంతిపువ్వు గుచ్చారు. సెక్రటరీ ఇంగ్లీషులో మాట్లాడాడు. పచ్చటిదాన్ని బంగారం చేసిన మహానుభావుడు ఈయనేనని, ఈయన చెయ్యి పడితే శ్మశానంలో కూడా ఏమీ మొలవదని, ఇట్లాంటి నిపుణుణ్ని ఎడారి దేశాలవాళ్ళు ఎగరేసుకుపోకముందే మనం సన్మానించుకోవాలని. ఒక్కో మాటకు బల్లలు అదిరేలా నవ్వారు. ఒకావిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. మామకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్ళు సంతోషిస్తున్నారనుకొని తనూ నవ్వాడు. గడ్డిమాలీకి గడ్డిదండే మర్యాద కాబోలనుకొని, దండ వేస్తుంటే తల వంచాడు. మట్టి రాలి తెల్లచొక్కా మీద పడితే దులుపుకోను కూడా లేదు, చేతులు జోడించి నాలుగు దిక్కులా దండం పెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళు.

క్లబ్బులో రోజూ వినీ వినీ ఇంగ్లీషు పట్టుబడిన నాకు అంతా అర్థమయింది. పనివాళ్ళు ఏం చేస్తున్నారోనని సెక్రటరీ మావైపు చూస్తున్నాడు. నేను పళ్ళెం బల్లమీద పెట్టి చప్పట్లు కొట్టాను.

గదికి వచ్చాక మామ దండను మేకుకు తగిలించి నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

“సార్ ఏమన్నడు రా? జర ఇడమర్సి చెప్పు.”

“నువ్వు లేకుంటే గీ గడ్డే లేదన్నడు మామ.”

“గంతేనా? శానసేపు మాట్లాడిండు గద.”

ఇంకా నాలుగు మంచిమాటలు అప్పటికప్పుడు కల్పించి చెప్పాను. ఆయన కడుపు నిండిపోయింది. ఆ నెల దాటకుండానే, నీకు వయసైపోయింది, ఊరికి పోయి విశ్రాంతి తీసుకో అని క్లబ్బువాళ్ళు ఆయనను పంపించేశారు. మందుడబ్బాలమీది ఇంగ్లీషు చదవగలవాడినని ఆయన పని నాకిచ్చారు. అది కూడా మామకు సన్మానంలాగే తోచింది, నా అల్లునికే ఇచ్చిండ్రు అని పొంగిపోయాడు. విందులో తీసిన ఫోటో ఒకటి నన్ను అడిగి తెప్పించుకొని, అద్దం కట్టించి, పల్లెలో ఇంటి గోడకు పెట్టుకున్నాడు. కంగ్టి సంతలో, మనూర్ బస్సులో, కల్లం దగ్గర, ఎక్కడ ఎవరు దొరికినా పట్నం దొరలు తనకు దండ వేసిన కథ చెప్పేవాడు.

ఏళ్ళు గడిచాయి. నాకు పెండ్లయింది, నారాయణఖేడ్‌లో ఇల్లు కట్టుకున్నాను. అత్తవారింట్లో నన్ను పట్నం క్లబ్బులో ఆఫీసరు అనుకునేవాళ్ళు, నేనూ కాదనలేదు. మా పెద్దబిడ్డను తొట్టెలలో వేసిన నాడు చుట్టాలందరూ వచ్చారు. భోజనాలకు ముందు మామ తన కథ ఎత్తుకున్నాడు. ఈసారి ఎందుకో, నా మీది ప్రేమకొద్దీనే కావచ్చు, ఎప్పుడూ చెప్పని ముక్క కూడా చెప్పాడు.

“అసల్ గడ్డి కాల్చింది మా అల్లుడే. పిలగాని నౌకరి పోతదని నేను మీదేస్కున్న. అయినా గా సార్ నాకే దండేసిండు సూడు!”

అందరూ ఘొల్లున నవ్వారు. మా ఆవిడ తండ్రి నావైపు తిరిగి, ఆఫీసర్ సాబ్ గట్ల జేసిండా అన్నాడు. నా ఒళ్ళు భగ్గుమంది. లేచి నిలబడి, ఆ రోజు సెక్రటరీ ఇంగ్లీషులో అన్న మాటలు ఒక్కటీ వదలకుండా తెలుగు చేసి అందరి ముందర చెప్పాను. శ్మశానం మాటా చెప్పాను, నవ్విన ఆవిడ సంగతీ చెప్పాను. “గది సన్మానం కాదు మామా. నిన్ను కోతిని జేసి ఆడిచ్చిండ్రు” అన్నాను. చెబుతున్నంతసేపూ నాకు హాయిగా ఉండింది. దాచకుండా ఒప్పుకుంటున్నాను, హాయిగానే ఉండింది.

మామ తన చేతులు చూసుకున్నాడు. తరువాత తలెత్తి, కోపం లేకుండా, నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు.

“మరి నువ్వు సప్పట్లు కొట్టినవ్ గద రా?”

ఆయన లేచి తొట్టెలలోని పిల్ల నుదుటిమీద చెయ్యి పెట్టి దీవించాడు. పంక్తిలో కూర్చొని, వడ్డించినదంతా ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. అత్తను తీసుకొని, దొరికిన బస్సుకే వెళ్ళిపోయాడు.

ఆ తరువాత చాలా ఏళ్ళే బతికాడు. నేను వెళ్తే కుర్చీ వేసేవాడు, చాయ్ పెట్టమని అత్తకు చెప్పేవాడు, పిల్లల చదువులు అడిగేవాడు, వానల గురించీ కందుల గురించీ మాట్లాడేవాడు. గోడమీద ఫోటో లేదు, ఎక్కడుందని నేను అడగలేదు. క్లబ్బు మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. సంతలో కూడా ఎవరితోనూ అంతకు ముందులా కూర్చొని మాట్లాడడం లేదని, పని చూసుకొని తలవంచుకు వచ్చేస్తున్నాడని వాళ్ళూ వీళ్ళూ చెబుతుంటే వినేవాణ్ని. తప్పయిందని చెప్పాలని వెళ్ళిన ప్రతిసారీ, వచ్చేసారి చెబుదాంలే అనుకొని తిరిగొచ్చేవాణ్ని. పత్తి ఏరే రోజుల్లో ఒక మధ్యాహ్నం చేనులోనే కూలబడి ప్రాణం విడిచాడని కబురు వచ్చింది.

అత్త ఇప్పుడు నాగల్‌గిద్దలో కూతురి దగ్గర ఉంటుంది. పోయిన నెల చూడడానికి వెళ్ళాను. చూపు మందగించింది కానీ మాట గట్టిగానే ఉంది. మనుమరాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకొని, మీ తాతకు పట్నం దొరలు పూలదండ వేశారని, ఇంగ్లీషులో గంటసేపు పొగిడారని చెబుతోంది. తొట్టెల నాడు ఆమె అక్కడే ఉంది, అన్నీ విన్నది. అయినా కథ ముగించి, నేను కూర్చున్న వైపుకు మొహం తిప్పింది.

“నువ్వు ఆడనే ఉంటివి గద కొడుకా. అవునా కాదా, పోరగాండ్లకు చెప్పు.”

“అవునత్తా” అన్నాను.

“సార్ ఏమన్నడో గది గూడ చెప్పు.”

చెప్పాను. ఆ రోజు గదిలో మామకు కల్పించి చెప్పిన మాటలే వరసగా చెప్పాను. ఆమె ఒక్కొక్కదానికి తల ఊపుతూ విన్నది.

ఇప్పుడు ఆ క్లబ్బులో అన్నిటికీ మిషన్లు వచ్చాయట, నేలలో నీళ్ళెంత ఉన్నాయో యంత్రమే చెబుతుందట. జొన్నరొట్టెలు ఏడాది పొడుగునా దొరుకుతాయట. మా వైపు నుంచి జనం ఇంకా పట్నం పోతూనే ఉన్నారు కానీ పిల్లలు చదువుకున్నారు, ఎవరు ఏ భాషలో ఎగతాళి చేసినా తెలుసుకుంటారు, తిరిగి అడుగుతారు. అది చూస్తే సంతోషంగానే ఉంటుంది. మా కాలంలో ఇద్దరి మధ్య ఒక్కడికే భాష వచ్చేది. ఆ ఒక్కడు ఏది చెబితే రెండోవాడికి అదే లోకం. మా మామకు ఆ ఒక్కడూ నేనయ్యాను.