నేను ఆపని స్కానింగు

మా నాన్న మిర్చి రైతు. మార్కెట్ యార్డుకు తీసుకెళ్లే బస్తా మూతి దగ్గర ఎర్రటి కాయ పోసి, అడుగున రంగు పోయిన తాలుకాయ కూరేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. నేను చేసిన పనికి, ఆయన కొడుకునని చెప్పుకోవడానికి నాకు సిగ్గేస్తుంది.

చిలకలూరిపేట దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్‌గా పనిచేస్తున్న రోజులు. ల్యాబ్ ఇన్‌చార్జి నాకంటే చాలా పెద్దాయన. డిగ్రీ లేదు. ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నీ విడిభాగాలు తెచ్చి తన చేత్తో బిగించినవే. పిల్లలు ఏ సందేహమొచ్చినా నన్ను దాటుకుని ఆయన దగ్గరికే వెళ్లేవారు. అది నాకు గిట్టేది కాదు.

కొత్త ల్యాబ్‌కు కంపెనీ కంప్యూటర్లు కొనాలా, ఇన్‌చార్జి చేతే బిగింపించాలా అన్నది కరస్పాండెంటు గారు తేల్చుకోలేకపోయారు. పరీక్ష పెడదామని నేనే అన్నాను. వేగాన్ని కొలిచి ఒక అంకె చూపించే సాఫ్ట్‌వేర్ ఉంది. పెద్ద అంకె వచ్చినదే మెరుగు. కంపెనీవాళ్లు చూడమని ఇచ్చిన కొత్త మిషన్ ఆఫీసు ఏసీలో ఉంది. ఆయనది పొద్దుటి నుంచి పిల్లలు వాడుతున్నది, ఏప్రిల్ ఉక్కలో.

మొదలుపెట్టబోతుంటే ఆయన మిషన్ తెర మూలన యాంటీవైరస్ స్కానింగు నడుస్తూ కనిపించింది. అది నడుస్తుంటే ఏ కంప్యూటరైనా నెమ్మదిస్తుంది. ఒక్క క్లిక్కుతో ఆపొచ్చు. ఆయన గుమ్మం దగ్గర కరస్పాండెంటు గారితో మాట్లాడుతున్నారు. మొదలుపెట్టమంటారా అని ఇన్‌చార్జి గారిని అడిగాను.

"మీరు చూశారుగా, ఇక నేను చూసేదేముందండి. కానివ్వండి," అన్నారు.

కానిచ్చాను. కంపెనీ దానికి వచ్చిన అంకెలో సగం కూడా ఆయన దానికి రాలేదు. ఆయన కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ చూశారు. కొత్తవి కంపెనీవే కొంటామని, జూన్ నుంచి ఇక రానక్కర్లేదని కరస్పాండెంటు గారు ఆయనకు చెప్పేశారు.

సెలవుల్లో ఒకరోజు రెంటినీ ఒకే గదిలో పెట్టి, స్కానింగు ఆపి, పిల్లలు రోజూ రాసే ప్రోగ్రాములే నడిపి చూశాను. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకటి రెండు ఆయన దాంట్లోనే ముందు పూర్తయ్యాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే నా పరువు పోతుందని భయం, అంతకు మించి కారణం లేదు.

ఈమధ్య ఆయన ఫోన్ చేశారు. మార్టూరులో ఒక గ్రానైట్ యూనిట్‌లో రాళ్ల కొలతలు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారట. ఇంజనీరింగులో చేరిన కూతురికి ల్యాప్‌టాప్ కొనాలి, ఏది మంచిదో వచ్చి చూడమన్నారు. నాకంటే మీకే బాగా తెలుసు కదండీ అన్నాను.

"అలాగే అనుకునేవాడినండి. ఆ రోజు మీ టెస్టు చూశాక నా చేతి మీద నాకే నమ్మకం పోయింది."

ఆదివారం ఒంగోలులో షాపుకు కలిసి వెళ్లాం. రెండు ల్యాప్‌టాప్‌లూ పక్కపక్కన పెట్టించి, టెస్టు మొదలుపెట్టబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ముందు స్కానింగు ఆపండి. లేకపోతే అంకె తప్పొస్తుంది. ఆ రోజూ ఆపే ఉంటారు కదా?"

నేను తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఆపానండి," అన్నాను.