రొయ్యల పెట్టెలో క్రోసాంట్లు

మా అమ్మాయి గది తలుపుకి అప్పట్లో లోపలి గడియ లేదు. పిల్లని హాస్టల్ నుంచి తీసుకురావడానికి బయల్దేరేముందే మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని దాన్ని ఊడదీశారు. చాకులన్నీ నేను నా చీరల బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంటర్ చదువుతున్న పిల్ల. ఇక బతకాలని లేదని పక్క మంచం అమ్మాయితో అందట. ఆ పిల్ల చల్లగా ఉండాలి, పరుగెత్తుకెళ్ళి వార్డెన్‌తో చెప్పింది. "వచ్చి తీసుకెళ్ళండి, ఒక్కదాన్నే వదలకండి" అని ఆవిడ ఫోన్ చేసింది.

డాక్టరుగారు మందులు రాసి, "కసరకండి, మార్కుల మాట ఎత్తకండి, కనిపెట్టుకుని ఉండండి" అన్నారు. నా నోటి సంగతి మా వీధి వీధంతటికీ తెలుసు. పాలు ఆలస్యమైతే నా గొంతు కాలవగట్టు దాకా వినిపిస్తుంది. అలాంటిదాన్ని నోరు కట్టేసుకున్నాను. "తల్లీ, రెండు ముద్దలు తింటావా?", "బంగారం, ఫ్యాన్ పెంచనా?" అనడమే పనైపోయింది. తను తలూపేది, ఒక్కోసారి అదీ లేదు. స్నానానికి వెళ్తే నేను తలుపు బయట నిలబడి నీళ్ళ చప్పుడు వినేదాన్ని. చప్పుడు ఆగిందంటే ఏదో వంకతో పిలిచేదాన్ని. ప్రార్థన చేద్దామంటే మాట వచ్చేది కాదు. "ప్రభువా, పిల్ల, పిల్ల" అని అక్కడే ఆగిపోయేదాన్ని.

అలాంటిది ఒక మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఉప్పులేని వెన్న దొరుకుతుందా?" అంది.

క్రోసాంట్లు చేస్తుందట. ఫోనులో చూపించింది. నెలవంకలా వంగి, లోపలంతా పొరలు పొరలుగా ఉన్న రొట్టె. క్రిస్మస్ కేకుల కోసం కొన్న ఓవెన్ ఎలాగూ ఉంది. ఈ ఎండల్లో వెన్న నిలుస్తుందా నీ మొహం, అని నాలిక చివరి దాకా వచ్చింది, మింగేశాను. మా ఆయన తణుకులో షాపులన్నీ తిరిగి వెన్న తెచ్చారు. అడిగినదానికంటే ఎక్కువే తెచ్చారు పాపం.

మైదాలో పాలు, పంచదార, ఈస్టు వేసి చాలాసేపు పిసికింది. పిండిముద్దని మూతగిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లోకి తోసి, "ఇది రాత్రంతా చల్లబడాలి. రేపు పొద్దున వెన్న పెట్టి మడతలు వెయ్యాలి" అంది.

రేపు! నా పిల్ల రేపటికి ఒక పని పెట్టుకుంది. గిన్నెలు తోమే వంకతో సింకు వైపు తిరిగి, పంపు తిప్పి, కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

పొద్దున్నే లేచింది. వెన్నని రెండు కాగితాల మధ్య పెట్టి చపాతీ కర్రతో కొట్టి పలకలా చేసింది. పిండిని వెడల్పుగా ఒత్తి, మధ్యలో ఆ పలకని పెట్టి, అంచులు దాని మీదకి మూసింది. మళ్ళీ పొడుగ్గా ఒత్తి, చీర మడిచినట్టు మూడు మడతలు వేసి ఫ్రిజ్‌లో పెట్టింది. ఇలా మధ్య మధ్య చల్లబరుస్తూ మూడుసార్లు చెయ్యాలట. "వెన్న కరక్కూడదమ్మా. కరిగితే పొరలు రావు. అంతా అయిపోతుంది" అంది. ఆ చివరి మాట నాకు గుండెల్లో గుచ్చుకుంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లైన్ల పనట, సాయంత్రం దాకా రాదట.

పిల్ల ఫ్రిజ్ ముందు నేలమీద చతికిలబడింది. "నేనేం మొదలుపెట్టినా ఇంతే" అంది. ఏడుపు లేదు, కోపం లేదు. హాస్టల్ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో మళ్ళీ అలాగే అయిపోయింది ఆ మొహం. పక్క గదిలోకి వెళ్ళి, తలుపు సందులోంచి దాన్నే చూస్తూ మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన రొయ్యలు కొనే డిపోలో సూపర్‌వైజరు. "ఏం చేస్తారో నాకు తెలీదండి. ఐసు కావాలి. ఇప్పుడే కావాలి" అన్నాను. ఎందుకని అడగలేదు ఆయన. కాసేపటికి బండి వెనక ఐసు నింపిన థర్మాకోల్ పెట్టె కట్టుకుని వచ్చేశారు.

పిల్ల లేచింది. పిండిని కవర్లో చుట్టి ఐసు మధ్యన పెట్టింది. కాసేపాగి తీసి ఒత్తింది, మడిచింది, మళ్ళీ పెట్టింది. మేమిద్దరం గుమ్మం దగ్గర పరీక్ష గది బయట కూర్చున్నట్టు కూర్చున్నాం. ఆఖరి మడత అయ్యాక పెట్టె మూత నేను తీశాను. ఐసు కరిగేసరికి గుప్పున కొట్టింది నీచు. పిండి తీసి వాసన చూస్తే అదీ నీచే.

ఇంక నా వల్ల కాలేదు. ఇన్నాళ్ళూ నొక్కిపెట్టిందంతా తన్నుకొచ్చింది.

"ఏవండీ! అసలు బుర్రుందా మీకు? రొయ్యలు పోసిన పెట్టె తెస్తారా వంటింట్లోకి? కడగనైనా కడగరా? పిల్ల నిన్నట్నుంచి రెక్కలు పడిపోయేలా పిసికితే, తీసుకెళ్ళి నీచులో ముంచుతారా? మీ డిపోలో కొత్త పెట్టెకి కరువొచ్చిందా?"

"ఐసన్నావు, తెచ్చాను. ఆ కంగారులో పెట్టె వాసన ఎవడు చూస్తాడే?" అన్నారాయన బిక్కమొహం వేసుకుని.

అప్పుడు గుర్తొచ్చింది డాక్టరుగారి మాట. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పిల్ల వైపు చూశాను. రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. అయ్యో, చేతులారా చేశానే అనుకుంటూ దాని పక్కన కూలబడ్డాను. చేతులు తీసింది. కళ్ళనిండా నీళ్ళు. కానీ నవ్వుతోంది.

"ఇంకోసారి తిట్టమ్మా నాన్నని" అంది.

కొంగుతో దాని కళ్ళు తుడిచాను. అప్పుడు పిల్లే అంది. "వచ్చిన దగ్గర్నుంచీ తల్లీ, బంగారం అంటున్నావు. నువ్వలా మెల్లగా మాట్లాడుతుంటే నాకు భయమేస్తోందమ్మా. నేను అప్పుడే పోయినట్టు."

దాన్ని గట్టిగా పట్టుకున్నాను. పిండి చేతులతోనే నన్ను పట్టుకుంది.

పారేద్దామంటే ఒప్పుకోలేదు. త్రికోణాలుగా కొయ్యడానికి చాకు కావాలంది. నేను వెళ్ళి బీరువా తాళం తీసి పట్టుకొచ్చాను. దానికి కలరా ఉండల వాసన. పిల్ల చాకు వైపు చూసింది, నా వైపు చూసింది. "నువ్వు కొయ్యమ్మా. నేను చుడతాను" అంది.

సాయంత్రం కరెంటు వచ్చాక కాల్చాం. సగం వెన్న ట్రేలోకి కారిపోయింది. ఒకటి మాత్రం కాస్త పొంగింది, విరిస్తే లోపల నాలుగు పొరలు కనిపించాయి. వీధిలోకి వెన్న వాసన, దాని వెనకే రొయ్యల వాసన. ముగ్గురం నేలమీద కూర్చుని తిన్నాం. మా ఆయనైతే బావుందనే అన్నారు, మొహమాటానికి.

తింటూ తింటూ పిల్ల అడిగింది. "నాన్నా, ఆ గడియ మళ్ళీ బిగించవా?"

ఆయన నా వైపు చూశారు.

"బిగించరు" అన్నాను. మెల్లగా కాదు, నా అసలు గొంతుతో. "నాకు భయమే. చచ్చేంత భయం. అది తగ్గేదాకా గడియా లేదు గిడియా లేదు. వినపడిందా?"

అది ఇంకో ముక్క తుంచుకుని నోట్లో పెట్టుకుంది.

"సరేలే" అంది. "రేపు అడుగుతా."