టోబీ సంగటికి మరిగిన వేసవి

కంట్రోలు బియ్యం కోసం కార్డు పట్టుకొని నిలబడిన ఆ యుద్ధపు రోజుల్లో, పెట్టింది వద్దనే అలవాటు మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. ఉండేది రాగిసంగటి, దానికి ముందు నాయన ప్రార్థన. (సంగటి చల్లారేది గాని ప్రార్థన చల్లారేది కాదు.) నాయన తిరుపతి పక్కన ఒక చిన్న సంఘానికి ఉపదేశి. నేను పంతులు శిక్షణ ముగించి, వడమాలపేట మిషను బడిలో పని దొరుకుతుందని ఆశగా ఎదురుచూస్తున్నాను. ఆ పని ఇవ్వవలసిన దొరసాని ఎండాకాలం చల్లని కొండలకు పోతూ, తన కుక్క టోబీనీ ఒక డబ్బా బిస్కత్తులనూ నాకు అప్పగించి, "దీనిని నమ్మకముగా కాపాడుము. తిరిగి వచ్చి నీ పనిని గూర్చి నిర్ణయింతును" అంది. ఆమె తెలుగు నేర్చింది బైబిలు వాక్యం చదివి. కొత్తిమీర బేరమాడినా ప్రవక్త పలికినట్టే ఉండేది.

డబ్బా తొందరగానే అడుగంటుతూ వచ్చింది. యుద్ధం మూలాన అంగళ్లలో అలాంటి బిస్కత్తు కంటికి కనబడేది కాదు. సంగటి ముద్ద పెడితే టోబీ వాసన చూసి, తల పక్కకు తిప్పి పడుకుంది. నోట్లో పెడితే నమిలింది. సంగటి నమిలేది కాదు గదా! అది అంగిట్లో అతుక్కుంటే, పాపం, టోబీ ముందుకాళ్లతో మూతి గీరుకుంటూ ఇల్లంతా తిరిగింది.

"ఒరే, అది తినకుండా సస్తే నీ పంతులు పని గూడా దాంతోనే పోతాది," అంది మా అవ్వ. "ఇట్ల సూడు, కొరకనీగూడదు, మింగనియ్యల్ల." గోలీలంత ఉండలు చేసి, ఎండుచేపల పులుసులో ముంచి, పైన బిస్కత్తు పొడి చల్లింది. రోజురోజుకూ పొడి తగ్గింది, ఉండ పెరిగింది. టోబీ మింగడం నేర్చింది. పులుసు వాసనకు ఎంత మరిగిందంటే, ప్రార్థన మధ్యలోనే మా కంచాల మీదికి దూకేది. అందుకని నేను ఎడమచేత్తో దాని మెడపట్టీ పట్టుకొని, నాయన "ఆమెన్" అనగానే దాని గిన్నె మీదికి వదిలేవాణ్ని. పోనుపోను పట్టుకోకపోయినా కూర్చునేది. (మా సంఘంలో కొందరికి ఆ మాత్రం ఓపిక ఉండేది కాదు.)

వానలు మొదలయ్యాక దొరసాని వచ్చింది. కుక్క బాగా ఒళ్లు చేసిందని సంతోషించి, తనతో తెచ్చిన రొట్టెను పాలలో నానబెట్టి దాని ముందు పెట్టింది. టోబీ కూర్చుంది. గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. తినలేదు. చొంగ మాత్రం కారుతోంది.

"నా కుక్కకు ఏమి చేసితివి? ఇది రోగియై యున్నదా?"

వడమాలపేట బడి నా కళ్లముందే దూరమైపోతోంది. పక్కనే ఉన్న నాయన ఇలాంటప్పుడు తెలిసిన పని ఒకటే చేశాడు. తలపాగా తీసి, కళ్లు మూసుకొని, కుక్క కడుపుకోసం, నా పనికోసం, దొరసాని ప్రయాణపు అలసట తీరడం కోసం, యుద్ధం ఆగడం కోసం గట్టిగా ప్రార్థించాడు. టోబీ కదల్లేదు. "ఆమెన్" అన్నాడో లేదో, మూతి గిన్నెలో పడింది!

దొరసాని నిర్ఘాంతపోయింది. తర్వాత నా ముఖం చూసింది. నేను తడబడుతూ మెడపట్టీ కథంతా చెప్పేసరికి కుర్చీలో కూలబడి కన్నీళ్లొచ్చేలా నవ్వింది. "దీనికి నేర్పినవాడవు పిల్లలకును నేర్పగలవు. బడి నీదే. అయితే ఇకమీదట పూటపూటకు దీనికొరకు ఎవరు ప్రార్థింతురు?" అంది. పాపం, ఆమే చేయవలసి వచ్చింది.

ఇంటికి వస్తూ, "నాయనా, అది అద్భుతమేం కాదు, పట్టీ పట్టి నేర్పినాను గదా" అన్నాను.

"నీ చేత పట్టించింది ఎవురురా?" అన్నాడు నాయన, తలపాగా చుట్టుకుంటూ.

అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో ప్రార్థన చేసేది నేనే. సంగటి చల్లారిపోతోందని పిల్లలు గొణుగుతూనే ఉంటారు. నేను "ఆమెన్" అనగానే వాళ్ల చేతులు కంచాల్లోకి పోతాయి. నా ఎడమచేయి మాత్రం, ఏదో పట్టీని వదులుతున్నట్టు, దానంతటదే మెల్లగా తెరుచుకుంటుంది.